గోదావరి బురదకి, ఉప్పుగాలికి ఏ ఎంటీబీ సామాను నిలుస్తుంది?

నమస్తే అండి. ఎంటీబీ (మౌంటెన్ బైక్, అంటే గుట్టలెక్కే సైకిల్) రివ్యూ అంటే చాలు, కుదుపులు మింగే సస్పెన్షన్ ఎంత, గుట్ట ఎలా ఎక్కుద్ది అని అడుగుతారు. అమలాపురం నుంచి అంతర్వేది దాకా వెతికినా గుట్టనేది కనపడదు కదండీ! ఇక్కడ సైకిల్‌ని తినేసేవి రెండు: పుంతల్లో జిగురు బురద, తీరం వైపు ఉప్పుగాలి. అందుకే సామానంతా ఆ లెక్కలోనే చూద్దాం.

ముందు ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం. చవక సైకిళ్ల మీద 100 మిల్లీమీటర్ల ట్రావెల్ (ఫోర్క్ కుంగే దూరం) అని స్టిక్కరు ఉంటుంది. లోపల చూస్తే ఉత్త స్టీలు స్ప్రింగు, అది ఎగిరెగిరి పడకుండా అదుపు చేసే డంపర్ ఉండదు. పైకీ కిందికీ జారే ఆ రెండు గొట్టాలకి క్రోము పూత ఉంటుంది చూడండి, దానికి గీత పడిందా, అక్కణ్ణుంచే తుప్పు మొదలు. తుప్పు గరుకు సీలుని కోస్తుంది, ఇక నీళ్లు లోపలికే. కాలవ గట్లు, చేపల చెరువు గట్ల మీద తిరగడానికే అయితే స్ప్రింగు లేని రిజిడ్ ఫోర్క్ తీసుకోండి. కిలో పైనే బరువు తగ్గుద్ది, మిగిలిన డబ్బు టైర్లకీ హైడ్రాలిక్ (ఆయిల్‌తో పనిచేసే) డిస్క్ బ్రేకులకీ పెట్టండి. మారేడుమిల్లి ఘాట్ వైపు తరచూ వెళ్లేవాళ్లకే ఎయిర్ ఫోర్క్, అంటే స్ప్రింగు బదులు గాలి ఉండేది. దానికీ 50 గంటల సవారీకి ఒకసారి ఫోర్క్ కింది గొట్టాలు ఊడదీసి, సీళ్లు తుడిచి, ఆయిల్ మార్చాలి.

ఇప్పుడు టైర్లు. కొట్లో ఉండగానే టైరుకీ ఫ్రేముకీ మధ్య చిటికెనవేలు పెట్టి చూడండి, రెండు పక్కలా. వేలు దూరకపోతే ఆ సైకిల్ మనకి కాదు. సార్వా ఊడ్పులప్పుడు నల్లమట్టి ఆ సందులో ఇరుక్కుని చక్రం కదలనివ్వదు, భుజాన వేసుకుని ఇంటికి రావాల్సిందే. 2.4 అంగుళాల వెడల్పు చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ, 2.1 లేదా 2.25 తీసుకోండి, గుబ్బలు ఎడంగా ఉన్నవి. దగ్గర దగ్గర గుబ్బలైతే మట్టి రాలదు. 70 కిలోల మనిషికి ట్యూబుతో ముందు 28, వెనక 30 పీఎస్‌ఐ గాలి దగ్గర మొదలెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే మరో నాలుగైదు తగ్గించొచ్చు. తుమ్మముళ్లున్న గట్లకి ట్యూబ్‌లెస్సే మేలు. 29 అంగుళాల టైరుకి సుమారు 100 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లుల్ని లోపల్నుంచి పూడ్చే ద్రవం) పోయాలి. మన ఎండకి అది తొందరగా ఆరిపోద్ది కాబట్టి, రెండు నెలలకోసారి వాల్వ్ కోర్ (గాలి ఎక్కించే చోట లోపలుండే చిన్న ముక్క) విప్పి సన్నటి ప్లాస్టిక్ పుల్ల ముంచి చూడండి. తడి అంటకపోతే మళ్లీ పోయాలి. ఇంకోటండోయ్, సన్నటి ప్రెస్టా వాల్వ్‌కి మన పంక్చర్ షాపు గాలి గొట్టం పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో పడేసుకోండి.

చైన్‌కి కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు. కోనసీమ అన్నాక చేతికి అందేది అదే మరి! కానీ ఒక్క వానకి కొట్టుకుపోద్ది, 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. వానాకాలం వెట్ లూబ్ (తడికి కొట్టుకుపోని చైన్ ఆయిల్) వాడండి, ఒక్కో రోలరుకి ఒక్క చుక్క. పది నిమిషాలాగి పైపైది గుడ్డతో గట్టిగా తుడవాలి. తుడవకపోతే ఇసుక అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. అరుగుదల కొలవడానికి స్టీలు స్కేలు చాలు: ఒక పిన్ను మధ్య నుంచి, దాని తర్వాత లెక్కపెడితే 24వ పిన్ను మధ్యకి 12 అంగుళాలు ఉండాలి. 11, 12 స్పీడ్ (వెనక అన్ని పళ్ల చక్రాలున్న సైకిల్) చైన్ అయితే అంగుళంలో 16వ వంతు పెరిగితే మార్చేయండి. 8వ వంతు దాకా ఆగారంటే క్యాసెట్ (వెనక చక్రం దగ్గరి పళ్ల చక్రాల గుత్తి) కూడా పోయినట్టే.

కడగడంలోనే చాలామంది బోల్తా పడతారండి. తీరం ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే ఉప్పుని మళ్లీ మనమే పూసినట్టు! కాలవ నీళ్లో, వాననీళ్లో బకెట్‌తో తెచ్చి, మట్టి ఆరకముందే మగ్గుతో పోయండి. ప్రెషర్ గన్‌తో హబ్బుల (చక్రాల నడిమి భాగాల) మీద కొడితే గ్రీజు బయటికి, నీళ్లు లోపలికి.

బ్రేకు ప్యాడ్ల మాటకొస్తే, బురదకి రెసిన్ (జిగురుతో కలిపి చేసిన మెత్తటి) రకం త్వరగా అరుగుతుంది, మెటల్ రకం ఎక్కువ కాలం వస్తుంది. కాకపోతే తడిలో కీచుమంటది. కొనేటప్పుడు మీ డిస్కు మీద ‘రెసిన్ ప్యాడ్స్ ఓన్లీ’ అని ఉందేమో చూడండి, ఉంటే మెటల్ ప్యాడ్లు వెయ్యకూడదు.

ఇక ప్రయాణం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దాటడానికి ఏమీ విప్పక్కర్లేదు. కారు డిక్కీలోనో, రైలు పార్సిల్‌లోనో వెళ్లాలంటే రెండు చక్రాలూ తియ్యండి. తియ్యగానే బ్రేకు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెట్టండి. లేకపోతే ఎవరో లివర్ నొక్కుతారు, ప్యాడ్లని నెట్టే పిస్టన్లు బయటికొచ్చేస్తాయి, ఇక డిస్కు దూరదు. వెనక డిరైలర్‌ని (గేర్లు మార్చే భాగాన్ని) ఫ్రేము నుంచి విప్పి, గుడ్డలో చుట్టి, చైన్‌స్టేకి (వెనక చక్రం దాకా వెళ్లే ఫ్రేము కింది గొట్టానికి) కట్టేయండి. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది, బయట నుంచి చూస్తూ 15 నంబరు పానాని సవ్యదిశలో తిప్పితేనే ఊడుద్ది. సీటు పోస్టు (సీటు కింది గొట్టం) ఎత్తు దగ్గర టేపు చుట్టుకోండి. మీ ఫ్రేముకి సరిపోయే డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేముకి పట్టించే చిన్న ముక్క) ఒకటి అదనంగా పెట్టుకోండి, చాలావరకు ఒక కంపెనీది ఇంకో కంపెనీకి పట్టదు, మారేడుమిల్లిలో అడిగినా దొరకదు.

తిరిగొచ్చాక తడి సైకిల్‌ని బ్యాగులోనే వదిలేసి పడుకోకండి. ఆ రాత్రే బయటికి తీసి, సీటు పోస్టు ఊడబెరికి, ఫ్రేముని తలకిందులు చేసి నీళ్లు కార్చేయండి.