ఈల, నిశ్శబ్దం: బాండ్ సినిమాలను జతలుగా చూద్దాం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరికీ ఒకేసారి దండం పెట్టి విషయంలోకి వస్తాను. జనగామ నుంచి, కరీంనగర్ నుంచి వచ్చిన మిత్రులున్నారు. మంచిర్యాల వాళ్లు రాత్రి బండి అందుకోవడానికి కాజీపేట పోవాలి. టైమ్ తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ.

జేమ్స్ బాండ్ మాట ఎత్తగానే హన్మకొండలోనైనా హైదరాబాద్‌లోనైనా మొదటి ప్రశ్న ఒకటే: "అన్నిట్లో ఏది బెస్టు?" ఇవాళ ఆ ప్రశ్నను బయట చెప్పుల దగ్గర విడిచిపెట్టి రమ్మని కోరుతున్నాను. 1962లో వచ్చిన 'డాక్టర్ నో' నుంచి 2021లో వచ్చిన 'నో టైమ్ టు డై' దాకా ఇయాన్ సంస్థ తీసిన బాండ్ సినిమాలు 25. బాండ్‌గా వేసినవాళ్లు ఆరుగురు. వీటన్నిటికీ మార్కులు వేసి వరుసలో నిలబెడితే, మార్కులు వేసినాయన ఇష్టాయిష్టాలు తెలుస్తాయి. సినిమా గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

రామప్ప గుడికి పోయినప్పుడు మదనికలను ఎట్ల చూస్తాం? అందాల పోటీ పెట్టం కదా. ఒకామె నడుము వంపు చూసి, పక్కామె దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి మొదటామెను చూస్తాం. అదే నల్లరాయి, అదే చోటు, అదే పని. చెయ్యి తిరిగిన తీరు వేరు. ఒకామె కాలికి మడమ ఎత్తున్న పాదరక్ష ఉంటుంది. పక్కపక్కన ఉన్నాయి కాబట్టే మన కంట తేడా పడుతుంది. బాండ్ సినిమాకూ అట్లాంటి చట్రమే ఉంది. తుపాకీ గొట్టంలోంచి చూస్తుంటే బాండ్ నడిచొచ్చి మనవైపు తిరిగి కాల్చే బొమ్మ, టైటిల్స్‌కు ముందు ఒక సాహసం, పైఅధికారి గది, విలన్ స్థావరం, చివరి పేలుడు. చట్రం మారదు కాబట్టి, ఒకే పని చేసే రెండు సీన్లను జతగా పెడితే ఏ డైరెక్టర్ ఏం చేశాడో, ఏ ఎడిటర్ ఏం చేశాడో తేటతెల్లంగా కనిపిస్తుంది. మూడు జతలు తెచ్చాను.

జతల కంటే ముందు మీ ఇంట్లో టీవీ గురించి చెప్పాలి. ఇది చెప్పకుండా మిగతాది చెప్పడం వృథా.

సినిమా సెకనుకు 24 బొమ్మల లెక్కన తీస్తారు. ఇప్పటి టీవీలు రెండు బొమ్మల మధ్య తామే కొత్త బొమ్మలు పుట్టించి ఇరికిస్తాయి. క్రికెట్‌కు అది పనికొస్తుందేమో గానీ, సినిమా మాత్రం స్టూడియోలో తీసిన సీరియల్ లాగా జారుడుగా కనిపిస్తుంది. ఫైట్‌లో చెయ్యి వేగంగా కదిలినప్పుడు దాని అంచు చుట్టూ మసక వలయం వస్తుంది. అది కెమెరా తప్పు కాదు, టీవీ పుట్టించిన బొమ్మ తప్పు. ఒక కంపెనీ టీవీలో దీన్ని ట్రూమోషన్ అంటారు, ఇంకోదాంట్లో మోషన్‌ఫ్లో, మరోదాంట్లో ఆటో మోషన్ ప్లస్. సెట్టింగ్స్‌లో పిక్చర్ లోపలికి పోయి, అడ్వాన్స్‌డ్ అనో ఎక్స్‌పర్ట్ అనో ఉన్నచోట వెతికి ఆఫ్ చేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఇంకా సులువు, అదొక్కటి పెడితే చాలు.

రెండోది జూమ్. పైనా కిందా నల్లపట్టీలు ఉంటే తెర దండగ పోతోందని చాలా ఇళ్లల్లో జూమ్ నొక్కుతున్నారు. అమ్మా, అయ్యా, దయచేసి ఆ పని చేయకండి! వెడల్పు సినిమాలో వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న కొలత 2.35కు 1. టీవీ కొలత 1.78కి 1. జూమ్ చేసి తెర నింపితే రెండు పక్కలా కలిపి దాదాపు నాలుగో వంతు బొమ్మ పోతుంది. మనిషి ప్రాణానికి తెగించి కొండ మీంచి దూకుతుంటే, ఆ కొండ ఎంతుందో చూపించే భాగాన్నే మనం కోసి పారేస్తున్నాం.

డిస్కులున్నవాళ్లు ఒక పరీక్ష చేసి చూడండి. మొదటి మూడు సినిమాలు వెడల్పు తక్కువ. 1965లో 'థండర్‌బాల్'తో తెర వెడల్పయింది. 1973, 1974 సినిమాలకు మళ్లీ 1.85కు తగ్గింది, 1977 నుంచి మళ్లీ వెడల్పు. మీ దగ్గరున్న సినిమాలన్నీ ఒకే ఆకారంలో కనిపిస్తున్నాయంటే ఎక్కడో కోత పడిందని అర్థం. తెర కొలత మారినప్పుడు తుపాకీ గొట్టం బొమ్మ కూడా కొత్తగా తీశారు. మొదటి మూడింటిలో ఆ నడిచేది తొలి బాండ్ షాన్ కానరీ కాదు, స్టంట్‌మ్యాన్ బాబ్ సిమన్స్. కానరీ స్వయంగా నడిచింది నాలుగో సినిమాలోనే.

పాత డీవీడీలతో ఇంకో చిక్కు. మన పాల్ అనే టీవీ పద్ధతిలో 24 బొమ్మల సినిమాను సెకనుకు 25 చొప్పున నడిపేవాళ్లు. 144 నిమిషాల 'కసీనో రాయల్' 138 నిమిషాల్లో అయిపోతుంది, పాట శ్రుతి కూడా కాస్త పైకి పోతుంది. ఒక సినిమా డీవీడీలో, ఇంకోటి బ్లూరేలో చూసి వేగం పోల్చకండి, లెక్క తప్పుతుంది. టీవీ మీదే ఇంతసేపయింది, కానీ ఇది యాది పెట్టుకుంటే మిగతాదంతా మీ కళ్లే చెప్తాయి.

మొదటి జత. 1974 నాటి 'ది మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్'లో కారు దూకుడు, 1977 నాటి 'ద స్పై హూ లవ్డ్ మీ'లో మంచుకొండ దూకుడు. రెంటిలోనూ బాండ్ రోజర్ మూర్. రెండూ నిజం మనుషులు నిజంగా చేసినవి.

థాయ్‌లాండ్‌లో విరిగిపోయిన వంతెన. దాని రెండు కొసలూ మెలి తిరిగి ఉంటాయి. ఏఎంసీ హార్నెట్ కారు ఒక కొస మీంచి లేచి, గాల్లో స్క్రూ లాగా పక్కకు ఒక చుట్టు తిరిగి, అవతలి కొస మీద నాలుగు చక్రాల మీదా దిగుతుంది. ఇది గుండెధైర్యంతో మాత్రమే చేసింది కాదు. అమెరికాలో కార్నెల్ ఏరోనాటికల్ లాబొరేటరీలో కంప్యూటర్ మీద ముందే లెక్క కట్టారు. బరువు ఒక పక్కకు ఒరిగితే చుట్టు తప్పుతుంది కాబట్టి స్టీరింగ్‌ను కారు నడిమధ్యకు మార్చి, డ్రైవర్‌ను మధ్యలో కూర్చోబెట్టారు. నడిపినాయన బంప్స్ విల్లర్ట్. ఒక్క టేక్‌లో అయిపోయింది.

అంత లెక్క, అంత తెగువ. దాని మీద ఏం పెట్టారు? కారు తిరుగుతుంటే జారుడు ఈల! సర్కస్‌లో బఫూన్ జారిపడితే ఊదే ఈల! సంగీతం జాన్ బ్యారీ. పదకొండు బాండ్ సినిమాలకు ప్రాణం పోసిన మనిషి. ఆ ఈల పెట్టినందుకు తర్వాత ఆయనే బాధపడ్డాడు. ఆ ఈల చెవిన పడగానే చూసే మనిషి మెదడు "ఇది తమాషా" అని తేల్చేసుకుంటుంది. కారు నిజంగా తిరిగిందన్న సంగతి అక్కడే చచ్చిపోతుంది.

ఇప్పుడు 1977. కెనడాలో బాఫిన్ దీవి, మౌంట్ అస్గార్డ్. రిక్ సిల్వెస్టర్ అనే ఆయన స్కీల మీద జారుకుంటూ వచ్చి కొండ అంచు దాటుతాడు. అప్పటిదాకా హోరెత్తిన సంగీతం ఆ అంచు దగ్గర ఆగిపోతుంది. మనిషి పడిపోతుంటాడు. స్కీలు విడిపోతాయి. వాటిలో ఒకటి విచ్చుకోని పారాచూట్‌కు తగిలినంత పని చేస్తుంది. చప్పుడు లేదు. పడిపోతూనే ఉంటాడు. అప్పుడు పారాచూట్ విచ్చుకుంటుంది, దాని మీద బ్రిటన్ జెండా, దానితోపాటే బాండ్ సంగీతం. ఆ కొన్ని సెకన్ల నిశ్శబ్దమే మనల్ని కుర్చీ అంచుకు లాగుతుంది. మూడేళ్ల తేడాతో, అదే హీరోతో, అంతే తెగువతో చేసిన రెండు పనులు. ఒకదాన్ని ఈల చంపింది, ఇంకోదాన్ని నిశ్శబ్దం బతికించింది. 1974 సీన్‌ను మ్యూట్‌లో ఒకసారి చూడండి. ఆ డ్రైవర్‌కు దక్కాల్సిన గౌరవం అప్పుడు దక్కుతుంది.

రెండో జత, 'గోల్డెన్‌ఐ' 1995, 'కసీనో రాయల్' 2006. రెంటికీ డైరెక్టర్ మార్టిన్ క్యాంప్‌బెల్, కెమెరా ఫిల్ మెహ్యూ. రెండూ కొత్త బాండ్‌ను పరిచయం చేసినవే. అంతకంటే గట్టి జత దొరకదు. చిత్రమేంటంటే, క్యాంప్‌బెల్ ఇద్దరు కొత్త హీరోలనూ బాత్రూమ్‌లోనే దించాడు. పియర్స్ బ్రాస్నన్ స్విట్జర్లాండ్ డ్యామ్ మీంచి 220 మీటర్లు దూకి, చివరికి మరుగుదొడ్డి పైనుంచి తలకిందులుగా వేలాడుతూ మొహం చూపిస్తాడు. ఒక చమత్కారం, ఒక గుద్దు, అయిపోయింది. చొక్కా నలగదు. డేనియల్ క్రెయిగ్‌ది నలుపు తెలుపులో ఫైట్. పలకలు పగులుతాయి, ఊపిరి ఆడదు, ఎదుటి మనిషి తలను వాష్‌బేసిన్ నీళ్లల్లో ముంచిపట్టి ఉంచుతాడు. ఒక మనిషి చావడానికి ఎంతసేపు పడుతుందో మనం చూడాల్సిందే. ఆ పడినవాడు మళ్లీ లేచి తుపాకీ ఎత్తుతాడు, బాండ్ గిర్రున తిరిగి కాలుస్తాడు. తుపాకీ గొట్టం బొమ్మ అక్కడ వస్తుంది. అన్నేళ్లుగా అలంకారంగా నడిచిన బొమ్మకు మొదటిసారి కథలో కారణం దొరికింది.

అదే డైరెక్టర్ గోడలు ఎట్ల పగలగొట్టించాడో కూడా చూడండి. 1995లో బాండ్ ట్యాంకు ఎక్కి సెయింట్ పీటర్స్‌బర్గ్ గోడలు కూలగొట్టి, బయటికొచ్చి టై సర్దుకుంటాడు. 2006లో ముందు పరిగెత్తే సెబాస్టియన్ ఫూకాన్ సన్నటి సందులోంచి పిల్లిలా దూరిపోతాడు. వెనకొచ్చే క్రెయిగ్ పక్కనున్న పలుచటి గోడను ఒంటితోనే బద్దలుకొట్టుకుని వస్తాడు. ఈయన ఇంకా పని నేర్చుకుంటున్నాడని డైలాగ్ లేకుండా ఆ ఒక్క గోడ చెప్పింది. అసలు బాండ్ సంగీతాన్ని కూడా డేవిడ్ ఆర్నాల్డ్ సినిమా మొత్తం దాచిపెట్టి, చివర్లో బాండ్ తన పేరు చెప్పుకున్నప్పుడే పూర్తిగా వినిపిస్తాడు.

వెనక వరుసలోంచి ఒక తమ్ముడు "తెలుగు డబ్బింగ్‌లో చూస్తే లెక్కలోకి వస్తుందా" అని చీటీ పంపాడు. వస్తుంది నాయనా, నిస్సందేహంగా వస్తుంది. ఇంగ్లిష్ బాండ్ కూడా డబ్బింగ్ బొమ్మే. 'డాక్టర్ నో'లో సముద్రంలోంచి నడిచొచ్చిన అర్సులా ఆండ్రెస్ గొంతు ఆమెది కాదు, నికీ వాన్ డెర్ జిల్ అనే ఆమెది. 1964 'గోల్డ్‌ఫింగర్'లో విలన్ గెర్ట్ ఫ్రోబెకు మాట ఇచ్చింది మైకేల్ కాలిన్స్. ఆ గొంతుల పేర్లు తెర మీద పడలేదు. మన దగ్గర తెలుగు గొంతు ఇచ్చే కళాకారుల పేర్లూ చాలాసార్లు పడవు. ఇది అన్యాయం. డబ్బింగ్ థియేటర్లతో పరిచయం ఉన్నవాళ్లు ఈ సభలో ఉంటే, పేర్లు వేయమని గట్టిగా అడగండి.

'గోల్డ్‌ఫింగర్' గురించి ఇంకొక్క మాట. బాంబు గడియారం బాండ్ నంబరైన 007 దగ్గర ఆగుతుంది. తర్వాత బాండ్ మాత్రం ఇంకో మూడు టిక్కులైతే అయిపోయేదని అంటాడు. ముందు తీసింది 003 దగ్గర ఆగినట్టు. తర్వాత బొమ్మ మార్చారు, మాట మార్చలేదు. రిమోట్‌తో ఆపి చూడండి.

మూడో జత కాజీపేటలో రైలెక్కే మిత్రుల కోసం. ఇది జత కాదు, నలుగురి గుంపు. రైలుపెట్టెలో ఫైట్లు: 1963, 1973, 1977, 2015. మొదటిది 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'. కానరీ, రాబర్ట్ షా, ఒక ఇరుకు కంపార్ట్‌మెంట్. లైటు పగిలిపోయి నీలిరంగు వెలుతురు మిగులుతుంది. సంగీతం లేదు, దెబ్బల చప్పుడే. ఎడిటర్ పీటర్ హంట్ ఆ ఇరుకునే ఆయుధం చేసుకున్నాడు. చివరికి శత్రువు గడియారంలో దాచిన తీగతోనే శత్రువు చస్తాడు. 1973లో ఉక్కు చెయ్యి ఉన్నవాడితో, 1977లో ఉక్కు పళ్లవాడితో ఫైట్. ఆ శత్రువులిద్దరూ కిటికీలోంచే బయటికి పడతారు. 2015 'స్పెక్టర్'లో మాత్రం ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి బద్దలుకొట్టుకుంటూ పోతారు, ఇరుకు అన్నది మిగలదు.

వీటిని చూసేటప్పుడు ఒక కాగితం, పెన్సిల్ పెట్టుకోండి. ఫైట్‌లో ఒక నిమిషం ఎంచుకోండి. బొమ్మ మారిన ప్రతిసారీ ఒక గీత గీయండి, నాలుగు గీతల మీద అడ్డగీత. 60ని గీతల సంఖ్యతో భాగిస్తే ఒక్కో షాట్ సగటున ఎన్ని సెకన్లుందో వస్తుంది. 20 గీతలైతే మూడు సెకన్లు, 40 అయితే ఒకటిన్నర. కన్ను తెర మీదే ఉండాలి, కాగితం చూస్తే రెండు కట్లు, అంటే బొమ్మ మారడాలు, తప్పిపోతాయి. ఇద్దరు కూర్చుని ఒకరు గీతలు గీస్తూ, ఇంకొకరు బల్ల మీద వేలితో కొడుతూ లెక్కపెడితే ఇంకా మంచిది. సంఖ్య వచ్చాక ఆగిపోకండి. కట్లు ఎక్కువైనా ఎవడు ఎక్కడున్నాడో మీకు తెలుస్తూనే ఉందా, లేదా? అది రాసుకోండి.

'థండర్‌బాల్' కథనే, అదే కానరీతో, 1983లో వేరే నిర్మాతలు మళ్లీ తీసిన సంగతి చెప్పాలనుకున్నాను. మన కృష్ణ గారి 1966 'గూఢచారి 116'ను దాని పక్కన పెట్టాలనీ అనుకున్నాను. మంచిర్యాల వాళ్లు గడియారం చూసుకుంటున్నారు కాబట్టి అవి వచ్చే సభకు.

ఇప్పుడు ఆ రెండు దూకుళ్లూ ఈ తెర మీద చూపిస్తాం. తమ్ముడూ, ఆ లైట్లు తీసెయ్. ముందు కారుది. స్పీకర్ బంద్ పెట్టు.