కొనడానికి డబ్బుంది, చూసుకోవడానికి లేదు

(హైదరాబాద్‌లో డిగ్రీ కాలేజీల కంప్యూటర్ అధ్యాపకులు, ల్యాబ్ సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్న ల్యాబ్ అసిస్టెంట్లకు ఇంకోసారి నమస్కారం. ఇవాళ్టి విషయం నాకన్నా మీకే బాగా తెలుసు. నేను తప్పు చెబితే అక్కడే ఆపండి.

నగరంలో ఒక కాలేజీ ఉంది. పేరు వద్దు, చెప్పకపోయినా మీలో చాలామందికి మీ కాలేజీలాగే అనిపిస్తుంది. ల్యాబ్ నిండా కంప్యూటర్లు. జూన్‌లో తలుపు తీస్తే సగానికి పైగా ఆన్ కావు. అన్నీ చిన్న జబ్బులే. ఒకదానికి లోపల కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ కాలింది, ఇంకోదానికి హార్డ్ డిస్క్ పోయింది, కిటికీ పక్క వరుసకి కేబుల్‌ని ఎలుకలు కొరికాయి. యూపీఎస్ ఉంది గానీ బ్యాటరీలు ఉబ్బిపోయాయి. ప్రాక్టికల్ పరీక్ష మధ్యలో కరెంటు పోతే పిల్లలు రాసిందంతా గాల్లో కలిసినట్టే. ఆ పిల్లల్లో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ లేదు. పైథాన్ ప్రోగ్రామ్‌ని ఫోన్‌లో బొటనవేలితో టైప్ చేసుకుంటూ, బ్రాకెట్ ఎక్కడ పోయిందో వెతుక్కుంటూ నేర్చుకుంటున్నారు.

ఇలా ఎందుకైందంటే, మన దగ్గర డబ్బు ఒకేసారి వస్తుంది. ఉన్నత విద్యకు కేంద్రం 2013లో మొదలుపెట్టిన రూసా పథకం కావచ్చు, అదే కాలంలో యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, తెచ్చిన కమ్యూనిటీ కాలేజీల పథకం కావచ్చు, గ్రాంట్ రాగానే టెండరు, కొనుగోలు, ప్రారంభోత్సవం, ఫోటో. మూడేళ్ల తర్వాత వారంటీ అయిపోయాక వెయ్యి, పదిహేను వందల ఎస్ఎంపీఎస్ కావాలంటే మూడు కొటేషన్లు, ఆఫీసు నోటు, బిల్లు పాస్ అయ్యేదాకా ఎదురుచూపులు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ విడిభాగాలు అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి బండి మీద వెళ్తే సాయంత్రానికి తేగలిగే వస్తువు సెమిస్టర్ దాటినా రాదు. చివరికి ఆ ల్యాబ్ అసిస్టెంటే సొంత జేబులోంచి పెట్టి తెస్తాడు. నవ్వుతున్నారంటే మీరూ తెచ్చారన్నమాట.

పాడైపోయినవాటిని పారేద్దామన్నా కుదరదు. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న వస్తువు కండెమ్నేషన్ అయ్యేదాకా, అంటే పనికిరాదని అధికారికంగా తేల్చేదాకా, కదలకూడదు. 2022 ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం వాటిని నమోదైన రీసైక్లర్‌కే ఇవ్వాలి. అది మంచి నియమమే. కానీ కాగితం కదలక, పాత డబ్బా టీవీల్లాంటి సీఆర్‌టీ మానిటర్లు ఒక గదిని ఆక్రమించుకుని కూర్చుంటాయి. గదులు చాలడం లేదని గోల పెట్టేది కూడా మనమే.

కాలేజీల నాణ్యతను అంచనా వేసే నాక్ బృందం వస్తే విద్యార్థులకూ కంప్యూటర్లకూ నిష్పత్తి ఎంత అని అడుగుతుంది. నిర్వహణకు ఎంత ఖర్చు పెట్టారో కూడా అడుగుతుంది, కాదనను. అయితే మనం తయారుచేసుకునేది మొదటి లెక్క. అందుకే రంగులు వేయిస్తాం, బోర్డులు రాయిస్తాం. నా దృష్టిలో నిఖార్సైన లెక్క వేరే ఉంది: నిరుడు ఈ ల్యాబ్ తెరిచి ఉన్నది ఎన్ని గంటలు, అందులో ఎన్ని మెషీన్లు పనిచేశాయి. అరవై కంప్యూటర్లా, ముప్పై కంప్యూటర్లూ ఒక టెక్నీషియనూనా అంటే నేను కళ్లు మూసుకుని రెండోదే తీసుకుంటాను.

కొత్తగా కొనే అవకాశం వస్తే ముందు నేల సంగతి చూడండి. హైదరాబాద్‌ది బండరాయి నేల, పైన మట్టి పొర పలచన. మే నెలలో ఎర్త్ పిట్, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే గుంత, ఎండిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఆ గుంతలో వేసవిలో బకెట్‌తో నీళ్లు పోయడం ఎవరి డ్యూటీ అని అడిగి చూడండి, ఎవరిదీ కాదు. మల్టీమీటర్ తీసుకుని ప్లగ్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూస్తే చాలు. రెండు మూడు వోల్టులు దాటిందంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. మదర్‌బోర్డులు ఒకదాని వెనక ఒకటి పోతుంటే కంపెనీని తిట్టుకునే ముందు ఒకసారి ఆ గుంత చూసి రండి.

కేబుల్ సంగతి తొందరగా చెప్పేస్తాను. కంప్యూటర్లను నెట్‌వర్క్‌కి కలిపే క్యాట్-6 వైరు వంద మీటర్ల దాకానే. ఆ పైన ఫైబర్ వేయాలి. సిటీ కాలేజీలాంటి 1921 నాటి కట్టడాల మందపాటి గోడల్ని వైఫై సిగ్నల్ దాటడం కష్టం. గదికో యాక్సెస్ పాయింట్, అంటే వైఫై పంచే డబ్బా, పెట్టుకోవాల్సిందే, ఒక్కటి కొని వరండాలో తగిలిస్తే కుదరదు.

ఇంటర్నెట్ స్పీడు చాలడం లేదని అందరూ అంటారు. లెక్క వేద్దాం. 720పీ వీడియోకి సుమారు రెండున్నర ఎంబీపీఎస్ కావాలి. అరవై మంది ఒకేసారి చూస్తే 150. మన లైను 100. పేరుకి 100 అనుకోండి. అందరూ ఐఐటీల వీడియో పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లోని అదే పాఠాన్ని అరవై సార్లు బయటి నుంచి లాగడం దేనికి? ఒకసారి దింపుకుని కాలేజీలోనే ఒక సర్వర్‌లో పెట్టుకుంటే చాలు. పాఠాలు పెట్టుకోవడానికి మూడుల్, లైబ్రరీ పుస్తకాల లెక్కకు కోహా ఉన్నాయి, రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే. డబ్బు అక్కర్లేదు, నడిపే మనిషి కావాలి. మళ్లీ ఆ మనిషి దగ్గరికే వచ్చాం.

ప్రతి కాలేజీకీ కంప్యూటర్లు చూసుకునే ఒక సిస్టమ్ అడ్మిన్ పోస్టు మంజూరవుతుందని నేను ఆశ పెట్టుకోలేదు. కలిసి పెట్టుకోవడమే దారి. అమెరికాలో 1901లో ఇల్లినాయ్‌లోని జోలియెట్‌లో మొదలైన, ఎక్కువగా రెండేళ్ల కోర్సులు నడిపే కమ్యూనిటీ కాలేజీలకూ ఎప్పుడూ డబ్బు కటకటే. కాలిఫోర్నియాలో అలాంటివి 116 ఉన్నాయి. ఎవరికి వాళ్లు పాఠాల సాఫ్ట్‌వేర్ కొనుక్కోకుండా 2015లో వాళ్ల ఆన్‌లైన్ విద్యా కార్యక్రమం కాన్వాస్ అనే దాన్ని అందరికీ ఉమ్మడిగా ఎంచుకుంది. కాలేజీలు ఒకటొకటిగా అందులో చేరాయి. మనకి ఆ స్థాయి అక్కర్లేదు. నగరంలోని నాంపల్లి, ఖైరతాబాద్, బేగంపేట, హుస్సేనీ ఆలం ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు, సిటీ కాలేజీ కలిసి ఒక సర్వర్, ఇద్దరు టెక్నీషియన్లు, ఒక విడిభాగాల బీరువా పెట్టుకోవచ్చు కదా. నాంపల్లి నుంచి ఖైరతాబాద్‌కి మెట్రోలో పది నిమిషాలు. అడ్డం వచ్చేది దూరం కాదు. ఒక ప్రిన్సిపాల్ గారి గ్రాంట్‌తో కొన్న వస్తువు ఇంకొకరి రిజిస్టర్‌లోకి ఎలా ఎక్కించాలన్నదే చిక్కు. కాలేజీ విద్యా కమిషనరేట్ నుంచి ఒక్క సర్క్యులర్ వస్తే అది తీరుతుంది. ఆ విన్నపం మనం ఇవాళే రాసి సంతకాలు పెడదాం.

ఇంకొక్కటి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ఏడో తరం, అంతకు ముందు ప్రాసెసర్లున్న మెషీన్లలో దాదాపు ఏవీ విండోస్ 11 నడిచే వాటి జాబితాలో లేవు. వాటిని పారేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఒక ఎస్ఎస్‌డీ, వీలైతే ఎనిమిది జీబీ ర్యామ్ వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తే మన సిలబస్‌లోని పైథాన్, సీ, జావా, డేటాబేస్ అన్నీ నడుస్తాయి. ఖాతాల సాఫ్ట్‌వేర్ ట్యాలీ నేర్పే కామర్స్ వాళ్లకు మాత్రం కొన్ని విండోస్ మెషీన్లు విడిగా ఉంచండి, లేకపోతే వాళ్లతో పడలేం.

పక్క గదిలో అలాంటివి రెండు విప్పి పెట్టాం. టీ తాగి అక్కడికి రండి. ఎస్ఎస్‌డీ మార్చడం ల్యాబ్ అసిస్టెంట్లు చేసి చూపిస్తారు, లెక్చరర్లు స్క్రూలు పట్టుకుంటారు. విన్నపం కాగితం కూడా ఆ బల్ల మీదే ఉంటుంది.