‘ఎన్ని మిల్లీమీటర్లు డాక్టర్?’ – చిగుళ్ళ జబ్బుకు డీప్ క్లీనింగ్

[దృశ్యం: స్టీలు పళ్ళెంలో జామకాయ ముక్కలు, పక్కన ఉప్పూకారం. ఒక ముక్క మీద కొరికిన చోట ఎర్రటి చార. కెమెరా అక్కడే కాసేపు ఆగాలి.]

ఇది కారం కాదు, రక్తం. మా మేనత్త చిగుళ్ళ నుంచి వచ్చింది.

అత్త సరూర్‌నగర్‌లో ఉంటుంది. 58 ఏళ్ళు, పదేళ్ళుగా షుగర్. ఆ ముక్క చూసి నేను అడిగితే, “ఏడాది సంది వస్తుంది బిడ్డా, నొప్పైతే లేదు” అంది. బ్రష్ పెడితే రక్తం వస్తోందని బ్రష్ మానేసి, వేలితో పేస్టు రాసుకుని పుక్కిలిస్తోందట. రక్తం కూడా తగ్గిందని సంబరం!

“నొప్పైతే లేదు.” ఈ మాట నమ్ముకునే చాలామంది పళ్ళు పోగొట్టుకుంటారు. పిప్పిపన్ను అర్ధరాత్రి లేపి కూర్చోబెడుతుంది. చిగుళ్ళ జబ్బు అలా కాదు. బ్రష్ మీద కాస్త ఎరుపు, నోట్లో వాసన, పళ్ళ మధ్య కొత్తగా సందులు. అంతే, ఏళ్ళ తరబడి. చివరికి ఓ రోజు సకినం కొరుకుతుంటే పన్ను కదులుతుంది, అప్పుడు పరిగెత్తుతాం. సిగరెట్ తాగేవాళ్ళకైతే ఆ ఎరుపు కూడా సరిగ్గా కనబడదు. పొగాకు వల్ల చిగుళ్ళలో రక్తప్రసారం తగ్గుతుంది, లోపల ఎముక కరుగుతున్నా పైకి చిగురు బాగానే ఉన్నట్టు ఉంటుంది.

[దృశ్యం: బాత్రూంలో బకెట్ అంచున, కుళాయి మూతి చుట్టూ తెల్లగా కట్టిన ఉప్పు. వేలితో గీకినా రాదు.]

హైదరాబాద్‌లో బోరు నీళ్ళు వాడే ఇంట్లో దీన్ని ఎవరికీ పరిచయం చేయక్కర్లేదు. నోట్లో జరిగేదీ దాదాపు ఇదే.

దీనికి మనకు రెండు చక్కటి మాటలున్నాయి: పాచి, గార. పొద్దున లేవగానే పంటి మీద నాలుకకు జిగటగా తగిలేది పాచి. అందులో బతికున్న బ్యాక్టీరియా గుంపులు ఉంటాయి. బ్రష్‌తో పోతుంది. పోనివ్వకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ దాంట్లో చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది. అదే గార. పాతబస్తీ కట్టడాల గోడలకు పూసిన సున్నపు పూతనూ గార అనే అంటారు చూడండి, ఆ మాట ఊరికే రాలేదు. గోడ మీదది కాల్షియం కార్బొనేట్, పంటి మీదది ఎక్కువగా కాల్షియం ఫాస్ఫేట్. ఏ పేస్టూ, ఏ వేపపుల్లా దాన్ని కరిగించవు. (వేపపుల్ల మీద నాకు కోపం లేదు. పాచికి పనికొస్తుంది, గారకు కాదు.)

ఇప్పుడే ఓ పని చేయండి. కింది ముందు పళ్ళ వెనక్కి నాలుక పోనివ్వండి. గరుగ్గా, మెట్టులా తగిలిందా? లాలాజలం ఊరే నాళాలు నాలుక కిందే తెరుచుకుంటాయి కాబట్టి గార ముందు అక్కడే కడుతుంది. రెండో చోటు, పై దవడ పళ్ళకు బుగ్గ వైపు.

నల్గొండ వైపు వాళ్ళకు ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల చిన్నప్పుడే పళ్ళ మీద ఏర్పడిన పసుపు, గోధుమరంగు మచ్చలు గార కాదు. అవి పంటిలోపలే ఉంటాయి. క్లీనింగ్ చేయించినా పోలేదని డాక్టర్‌తో గొడవ పడకండి.

[తెరపై బొమ్మ: ఒక పన్ను, చుట్టూ చిగురు, కింద ఎముక.]

గోరు చుట్టూ చర్మం ఎలా అంటుకుని ఉంటుందో, పంటి చుట్టూ చిగురు అలా ఉంటుంది. మధ్యలో చిన్న సందు ఉంటుంది, దాని లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లుంటే ఆరోగ్యమే. పాచి, గార ఆ సందులోకి దిగితే చిగురు వాస్తుంది. ఈ దశలో మామూలు క్లీనింగ్, ఇంట్లో సరైన బ్రషింగ్ ఉంటే మళ్ళీ మామూలైపోతుంది. ఇంకా వదిలేస్తే చిగురు పంటి నుంచి విడిపోతుంది, కింద ఎముక కరగడం మొదలవుతుంది. ఎముకను బ్యాక్టీరియా నేరుగా తినేయదు. వాటితో మన ఒంటి రక్షణ వ్యవస్థ చేసే యుద్ధంలో మన ఎముకే కరిగిపోతుంది. సందు కాస్తా జేబు అవుతుంది. డాక్టర్లు కూడా ‘పాకెట్’ అనే అంటారు. బ్రష్ కుచ్చు చిగురు కిందికి ఒక్క మిల్లీమీటరు దిగితే గొప్ప. మరి 5, 6 మిల్లీమీటర్ల జేబులో ఉన్నదాన్ని ఎవరు తీయాలి? అందుకే డీప్ క్లీనింగ్.

[దృశ్యం: దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక క్లినిక్. కుర్చీలో అత్త. డాక్టర్ చేతిలో సన్నటి లోహపు పుల్ల, దాని మీద నల్లటి గీతలు. క్లోజప్.]

నా దృష్టిలో ఈ వీడియోలో అసలు హీరో ఈ పుల్లే. పేరు ప్రోబ్. మొన మొండిగా ఉంటుంది, గుచ్చుకోదు. ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల చిగురు సందులోకి మెల్లగా దింపి, ఏ గీత దాకా మునిగిందో చూస్తారు. అత్తకు 28 పళ్ళు, అంటే 168 కొలతలు. డాక్టరమ్మ పైకి చదువుతుంటే అసిస్టెంట్ చార్టులో రాసుకుంటోంది.

“3, 2, 3... 4, 3, 5... 6, 5, 6. రక్తం.”

ఆరు వినబడగానే అత్త నా వైపు కళ్ళు పెద్దవి చేసి చూసింది. బీపీ తెలుసు, షుగర్ తెలుసు, చిగుళ్ళకూ నంబరు ఉంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది. తర్వాత ఎక్స్‌రే తీశారు. కింది కుడి దవడలో రెండు పళ్ళ మధ్య ఎముక వానకు కోసుకుపోయిన గట్టులా కిందికి జారి ఉంది.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి. రెండేళ్ళ కిందట ఒక ఉచిత శిబిరంలో నా నోట్లో టార్చి వేసి, పది సెకన్లు చూసి, “డీప్ క్లీనింగ్ తప్పదు, ఇవాళ చేరితే తగ్గింపు” అన్నారు. కొలవలేదు, ఎక్స్‌రే లేదు. తర్వాత వేరే చోట కొలిపిస్తే ఎక్కడా 3 దాటలేదు. మామూలు క్లీనింగ్‌తోనే (స్కేలింగ్ అంటారు) అయిపోయింది. అందుకే ఎవరైనా డీప్ క్లీనింగ్ అంటే, ముందు అడగండి: “ఏ పంటి దగ్గర ఎన్ని మిల్లీమీటర్లు డాక్టర్?” కొలిచినవాళ్ళు చార్టు తిప్పి చూపిస్తారు.

[దృశ్యం: చికిత్స. చప్పుడు వినిపించాలి, సంగీతం వద్దు.]

ముందు మత్తు ఇంజెక్షన్. నోరంతా ఒకేసారి కాకుండా అత్తకు కుడివైపు ఒక రోజు, ఎడమవైపు వారం తర్వాత చేశారు. షుగర్ మందులు, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, పేస్‌మేకర్ ఉంటే, గర్భవతి అయితే ముందే చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి, ఆపాలో వద్దో గుండె డాక్టర్‌ని అడిగి తేల్చుకోవాలి.

ఆ సన్నటి ‘కీ’మనే చప్పుడు అల్ట్రాసానిక్ స్కేలర్‌ది. దాని మొన సెకనుకు పాతిక, ముప్పై వేల సార్లు కంపిస్తుంది, నీళ్ళు చిమ్ముతూ గారను పగలగొడుతుంది. ఆ తర్వాత చేతి పరికరాలు, క్యూరెట్లు. వడ్రంగి చెక్కకు చిత్రిక పట్టినట్టు వేరు మీద గీరుతారు. ‘రూట్ ప్లేనింగ్’ అన్న పేరుకు అర్థం కూడా చిత్రిక పట్టడమే. కాకపోతే ఇప్పుడు పాతరోజుల్లా వేరును అరగదీయరు. గార ఊడి, మొనకు నునుపు తగిలితే చాలు.

[దృశ్యం: తెల్లటి గాజుగుడ్డ మీద మూడు నల్లటి రేణువులు. క్లోజప్.]

పైన కనిపించే గార పసుపు, చిగురు కిందది ఇలా నల్లగా ఉంటుంది, రాయిలా. ఒకటి ఆవగింజంత ఉంది. అత్త దాన్ని గోటితో నొక్కి చూసి, “ఇది నా నోట్లోదేనా?” అంది. మత్తు వల్ల ‘నోట్లో’ అన్న మాట సగమే వచ్చింది.

“పండ్లు కడిగిస్తే ఊగుతయంట గదా” అని అత్తను ఆపుతూ వచ్చింది పక్కింటావిడ. ఈ భయం హైదరాబాద్‌లో ఇంటింటికీ ఉంది, పూర్తిగా గాలి మాట కూడా కాదు. ఎముక ఎప్పుడో కరిగిపోయి, గారే సిమెంటులా రెండు పళ్ళనూ కలిపి పట్టుకుని ఉంటే, అది తీశాక కదలిక తెలుస్తుంది. వాపు తగ్గి చిగురు కిందికి దిగితే సందులు బయటపడతాయి. క్లీనింగ్ ఆ నష్టాన్ని చేయలేదు, కప్పి ఉన్న ముసుగు తీసింది. మూడు, నాలుగు వారాల్లో చిగురు బిగుసుకుంటే, కొంచెం కదిలే పళ్ళు చాలావరకు కుదురుకుంటాయి కూడా.

మొదటి రోజు మత్తు దిగేదాకా తినకూడదు, బుగ్గ కొరుక్కుంటారు. వేడి చాయ్ కూడా ఆగాలి. అత్తకు అన్నిటికంటే పెద్ద కష్టం అదే. కొద్ది రోజులు చల్లటి నీళ్ళకు పళ్ళు జివ్వుమంటాయి, గోరువెచ్చటి ఉప్పునీళ్ళు, సెన్సిటివ్ పేస్టు సరిపోతాయి. క్లోరోహెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిస్తే రెండు వారాలు, అంతే. నెలలు వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి. మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి మింగితే గార కరగదు, జేబూ తగ్గదు.

బ్రష్ మెత్తనిది తీసుకుని, చిగురు అంచు వైపు 45 డిగ్రీలు వంచి, చిన్నగా కదపాలి. సందులున్నచోట సీసాలు కడిగే బ్రష్‌కి చిన్న తమ్ముడిలా ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్.

షుగర్ ఉన్నవాళ్ళు ఈ భాగం జాగ్రత్తగా వినండి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళలో వాపు ఉంటే షుగర్ లొంగదు. దారి రెండు వైపులా ఉంది. చిగుళ్ళకు చికిత్స చేస్తే మూడు, నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) సగటున 0.4 పాయింట్ల దాకా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మాత్రలకు బదులు కాదు, తోడు. పాదాలు, కళ్ళు చూపించుకున్నట్టే చిగుళ్ళూ చూపించుకోవాలి.

ఖర్చు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. చెప్పిన ధర మొత్తం నోటికా, నాలుగో వంతుకా అన్నది ముందే అడగండి. అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి పక్కనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడ చిగుళ్ళకు ప్రత్యేకంగా పెరియోడాంటిక్స్ విభాగం ఉంది. పొద్దున్నే వెళ్ళాలి, వరసలో ఓపిగ్గా కూర్చోవాలి.

[దృశ్యం: అదే క్లినిక్, ఆరు వారాల తర్వాత. మళ్ళీ ప్రోబ్.]

ఈ రెండో కొలత మానేస్తే చేసిందంతా సగమే. మాని బిగుసుకోవడానికి చిగురుకు నాలుగు నుంచి ఆరు వారాలు ఇచ్చి, మళ్ళీ కొలవాలి. కరిగిన ఎముక తిరిగి రాదు, జేబు మాత్రం తగ్గుతుంది. ఇంకా లోతుగా మిగిలిన చోట చిగురు తెరిచి శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ అవసరం పడొచ్చు.

“3, 2, 3... 3, 3, 4...”

ఈసారి అత్త వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. కింది కుడివైపు దవడ పంటి దగ్గర డాక్టరమ్మ ఆగింది. “6. ఇది అలాగే ఉందమ్మా.”

అత్త నోరు మూసి, తుడుచుకుని, అడిగింది: “ఆ ఒక్కదానికి కోయాల్నా? మూడు నెలలు చూద్దామా?”

మూడు నెలలు చూద్దామన్నారు. చార్టు ఫొటో తీసుకుని ఫోన్లో దాచుకుంది, షుగర్ రిపోర్టుల పక్కనే.