లంగరు ముందు, ఇంజను తరువాత: ఆట కోసం గ్రహశకలాల గని ఓడ

సభకు నమస్కారం.

హనుమకొండలో ఆదివారం పూట పాచికలు, పెన్సిళ్లు ముందు పెట్టుకొని ఒక బల్ల చుట్టూ కూర్చొనే మా బృందం సంగతి మీలో కొందరికి తెలుసు. మరికొందరికి అది పెద్దవాళ్ల పిల్లచేష్టగా తోచవచ్చు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి ఆ పాత్ర ఏమి చేస్తుందో చెబుతారు, ఎటూ తేలని చోట పాచిక తేలుస్తుంది. ఒగ్గుకథ వింటూ పెరిగిన ప్రాంతంలో దీన్ని ఇంతకంటె వివరించనక్కరలేదు. తేడా అల్లా, ఇక్కడ వంత పలికేవారికి కథను దారి మళ్లించే అధికారం కూడా ఉంటుంది. మేము ఇప్పుడు ఆడుతున్న కథలో పాత్రలన్నీ అంగారకుడికీ బృహస్పతికీ నడుమనున్న గ్రహశకలాల మీద గని పని చేసే కార్మికులు. వారి ఓడను రూపొందించే బాధ్యత నా మీద పడింది. అందులో నేను ఎక్కడ తప్పాను, ఎలా దిద్దుకున్నాను అన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

అందరిలాగే నేనూ ఇంజనుతో మొదలుపెట్టాను. పొడవాటి ఓడ, వెనుక పెద్ద నాళిక, ముందు ఏనుగు దంతమంత డ్రిల్లు గీసి, గర్వంగా బల్ల మీద పరిచాను. భూపాలపల్లి బొగ్గుగనుల్లో పని చేసి వచ్చిన మా మిత్రుడొకడు దాన్ని కాసేపు చూసి, “అన్నా, డ్రిల్లు తిరుగుతది సరే, ఓడ తిరగకుంట పట్టుకునేదేంది?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఆదివారం ఆట అక్కడే ఆగింది.

భూమి మీద రాయిని తొలిచేటప్పుడు యంత్రం బరువే యంత్రాన్ని నిలబెడుతుందన్న విషయం మనకు ఎంత అలవాటంటే, అది ఒక సౌకర్యమని కూడా గుర్తుండదు. బెన్ను అనే గ్రహశకలాన్ని తీసుకోండి. దాని వ్యాసం సుమారు 490 మీటర్లు. నూరు టన్నుల ఓడను దాని మీద దించితే, మన ఇంటి త్రాసు ప్రకారం అది కిలో బియ్యం కంటె తక్కువ తూగుతుంది. సెకనుకు ఇరవై సెంటీమీటర్ల వేగంతో పైకి కదిలిన వస్తువు ఇక తిరిగి రాదు, అంటే అక్కడ తుళ్లిపడిన మనిషి తిరిగి దిగడు. అలాంటి చోట డ్రిల్లు రాయిని ఎంత బలంగా నెడితే రాయి ఓడను అంత బలంగా వెనక్కి నెడుతుంది. డ్రిల్లు ఒకవైపు తిరిగితే ఓడ మరోవైపు తిరుగుతుంది. 2014 నవంబరులో ఫిలే అనే చిన్న నౌక ఒక తోకచుక్క మీద దిగినప్పుడు నేలలో గుచ్చుకొని పట్టుకోవలసిన దాని హార్పూన్లు పేలలేదు. అది బంతిలా ఎగిరి, చాలా దూరం కొట్టుకుపోయి, చివరకు ఎండ సరిగా తగలని నీడలో చతికిలబడింది.

పట్టు దొరకకపోవడం సమస్యలో సగమే. నేల గట్టిదన్న నమ్మకం కూడా లేదు. 2020 అక్టోబరు 20న నాసా వారి ఒసైరిస్-రెక్స్ నౌక బెన్నును చేయి చాచి తాకినప్పుడు, ఆ చేయి రాతిని కొట్టినట్టు ఆగలేదు, ధాన్యపు రాశిలోకి దిగినట్టు దాదాపు అర మీటరు లోపలికి దిగిపోయింది. చాలా గ్రహశకలాలు ఏకశిలలు కావు, ఒకదానికొకటి ఆనుకొని నిలిచిన రాళ్ల గుట్టలు. గుట్టలో దిగగొట్టిన మేకు దేన్ని పట్టుకుంటుంది?

ఇక్కడ నాకు ఇంట్లో విన్న మాటలు పనికొచ్చాయి. మా నాన్న గోదావరిఖనిలో బాయి పని, అంటే బొగ్గుగని పని చేశాడు. కొత్త చోట పని మొదలుపెట్టే ముందు పైకప్పును కడ్డీతో కొట్టి వినేవారని చెప్పేవాడు. ఖంగుమంటే గట్టిది, బోలు చప్పుడు వస్తే పొర విడిపోయిందని గుర్తు, వెంటనే కింద ఆధారం పెట్టాలి. శూన్యంలో గాలి లేదు కనుక చప్పుడు గాలిలో రాదు, కాని కడ్డీలోంచి వస్తుంది. అందుచేత మా ఓడకు నాలుగు లంగర్లతో పాటు ఒక వినే కడ్డీని చేర్చాను. కార్మికుడు బయటికి వెళ్లి, కడ్డీని రాతిలో నాటి, మొదటి లంగరు మీద సుత్తితో కొట్టించి, శిరస్త్రాణాన్ని కడ్డీకి ఆనించి వింటాడు. దీనికి అరగంట ప్రాణవాయువు ఖర్చవుతుంది. విననక్కరలేదు అనుకుంటే నేరుగా తొలవవచ్చు, అప్పుడు పాచిక మీద ఎక్కువ అంకె పడాలి. ఈ ఒక్క నియమం వచ్చాక బల్ల చుట్టూ వాదనలు ఎంత పెరిగాయో చెప్పలేను. ఇంజను శక్తి గురించి ఎవ్వరూ అంతగా పోట్లాడుకోలేదు.

లంగర్లలోనూ రకాలు పెట్టాను. మర మేకు గట్టి రాతికే పనికొస్తుంది. గుట్టల్లాంటి వాటికి శకలం చుట్టూ తాడు చుట్టి బిగించాలి, అది చిన్న శకలాలకే సాధ్యం. మరీ చిన్నదైతే మొత్తాన్ని సంచిలో వేసుకోవడమే మేలు. శకలాలు తమ చుట్టూ తాము తిరుగుతుంటాయి (బెన్ను అయితే 4.3 గంటలకొకసారి) కనుక, సంచి వేసే ముందు ఆ తిరుగుడును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

లంగరు తేలిన తరువాత బరువు. 1903లో సియోల్కోవ్‌స్కీ అనే రష్యన్ బడిపంతులు ప్రచురించిన, ఎంత వేగం మార్పుకు ఎంత ఇంధనం కావాలో చెప్పే సమీకరణం ముందు ఏ కల్పనా నిలవదు. హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో మండించే మంచి ఇంజను నుండి వాయువు సెకనుకు 4.4 కిలోమీటర్ల వేగంతో వెలువడుతుందనుకుందాం. నూరు టన్నుల ఖాళీ ఓడ తన వేగాన్ని సరిగ్గా అంతే మార్చుకోవాలంటే 172 టన్నుల ఇంధనం కావాలి. దానికి 200 టన్నుల రాయి ఎక్కించారా, ఇంధనం 515 టన్నులకు చేరుతుంది. ఈ లెక్క చూశాక మా ఆటగాళ్లు రాయి మోయడం మానేశారు. ఊళ్లోనే మిల్లు ఉంటే ఊకను పట్నం దాకా ఎవరు మోస్తారు? కర్బన శకలాల్లోని బంకమట్టి వంటి ఖనిజాలలో నీరు బంధించబడి ఉంటుంది, కొన్ని వందల డిగ్రీలకు వేడి చేస్తే ఆవిరై బయటికి వస్తుంది. దాన్ని చల్లని పలకల మీద గడ్డకట్టించి, తరువాత హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొట్టి, అదే ఇంజనులో పోయవచ్చు. బంగారం, ప్లాటినం భూమికి తెచ్చి కోటీశ్వరులయ్యే కథలు నాకు పెద్దగా రుచించవు. అంతరిక్షంలో ముందుగా కొనేవాడు దొరికే సరుకు నీరే.

వేడిని పారేయడం గురించి రెండు మాటలు. అంగారకుడికీ బృహస్పతికీ నడుమ ఎండ భూమి దగ్గరి ఎండలో ఏడో వంతే ఉంటుంది గనుక మా ఓడలో అణురియాక్టరు పెట్టుకున్నాము, దాని వేడిని పోగొట్టడానికి గాలి లేదు, పలకల నుండి ప్రసరింపజేయవలసిందే. చదరపు మీటరు నల్లని పలక 27 డిగ్రీల వద్ద ఒక్కో వైపు నుండి సుమారు 460 వాట్లు, 227 డిగ్రీల వద్ద సుమారు 3,500 వాట్లు వదులుతుంది. కాబట్టి పలకలు చిన్నవి కావాలంటే అవి మండిపోతూ ఉండాలి. తవ్వే చోటి నుండి ఎగిరే గులకరాళ్లు వాటికి తగలకుండా ఓడ తోక చివరన, అంచు తవ్వకం వైపుకు తిప్పి అమర్చాను. మా ఓడ ఆకారం అందుకే వంకరగా, కొంత అనాకారిగా ఉంటుంది.

ఇంతకూ మనుషులెందుకు, యంత్రాలు చాలవా అని మీరు అడగవచ్చు. భూమి నుండి ఆ ప్రాంతానికి సంకేతం ఒకవైపు చేరడానికే సుమారు 14 నుండి 31 నిమిషాలు పడుతుందన్న జవాబు నేను ఆటగాళ్లకు ఇస్తాను. నిజం చెప్పాలంటే, బల్ల చుట్టూ మనుషులు కూర్చున్నారు కనుక ఓడలో మనుషులున్నారు. అయినా మనిషి చేతికి పని లేకపోలేదు. బెన్ను నమూనా సేకరించిన వెంటనే రాళ్లు అడ్డుపడి నమూనా పాత్ర మూత పూర్తిగా మూసుకోలేదు, ధూళి కారిపోతూ ఉండగానే దాన్ని హడావిడిగా పెట్టెలో భద్రపరిచారు. 2023 సెప్టెంబరులో అది భూమికి చేరాక ఆ పాత్ర బిగింపులు 35లో రెండు ఊడలేదు. వాటి కోసం ప్రత్యేకంగా పనిముట్లు తయారు చేసి, 2024 జనవరిలో ఊడదీశారు. చేతికి దొరికిన సరుకు మొత్తం 121.6 గ్రాములు.

ఆ వార్త చదివాక, ఓడ వివరాలు రాసుకొనే ఓడ పత్రంలో “పనిముట్లు” అనే గడి చేర్చి, దాన్ని బరువుతో ముడిపెట్టాను. ఏ పానా తీసుకెళ్లాలో బయలుదేరే ముందే రాసుకోవాలి, రాయనిది దారిలో పుట్టదు. పోయిన ఆదివారం మా వాళ్లు రెండు బస్తాల నీటిమంచు కోసం సుత్తిని వదిలేసి వెళ్లారు. ఇప్పుడు ఒక లంగరు బిగుసుకుపోయి ఊడిరావడం లేదు, గాలి ఇంకా పదకొండు గంటలకు సరిపోతుంది. వచ్చే వారం ఏమి చేస్తారో నాకూ తెలియదు. ఓడ పత్రం నకళ్లు తలుపు పక్క బల్ల మీద పెట్టాను, కావలసినవారు తీసుకోవచ్చు. పెన్సిలుతోనే నింపండి.