ఎనిమిది వరసల అంచనా: యాక్సెస్, ఎక్సెల్, వర్డ్ మధ్య డేటా రాకపోకలు

అందరికీ నమస్కారం. మీలో ఎక్కువమంది విశాఖలో క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసుల్లో, గాజువాక ఆటోనగర్ యూనిట్లలో, రొయ్యల ఎగుమతి కంపెనీల్లో లెక్కలు చూసేవాళ్లు. పార్టీలు, బిల్లులు, సరుకు వివరాలు మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్‌లో ఉంటాయి. బయటి నుంచి వచ్చేవీ, బయటికి పంపాల్సినవీ ఎక్సెల్‌లోనో వర్డ్‌లోనో ఉంటాయి. వీటి మధ్య తిరిగేటప్పుడు డేటా ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నదే ఇవాళ్టి విషయం.

ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి. ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబ్‌లో ఎక్సెల్ ఫైలు ఎంచుకోగానే కొత్త టేబుల్‌గా తెచ్చుకుంటారా, ఉన్న టేబుల్‌కి కలుపుతారా, లింకు మాత్రం పెడతారా అని అడుగుతుంది. అవతలివాళ్లు రోజూ మార్చే ఫైలైతే లింకు పెట్టండి. నెలకోసారి వచ్చే స్టేట్‌మెంటైతే దిగుమతి చేసుకోండి. లింకు పెట్టిన ఎక్సెల్ షీటును యాక్సెస్‌లోంచి దిద్దడం కుదరడం లేదని చాలామంది అడుగుతుంటారు. మీ సెట్టింగుల్లో తప్పేమీ లేదు. 2005లో ఒక పేటెంట్ కేసులో మైక్రోసాఫ్ట్ ఓడిపోయాక ఆ వీలు తీసేశారు. దిద్దాలంటే ఎక్సెల్‌లోనే దిద్దాలి.

ఇక అసలు చిక్కు. ఎక్సెల్ గడికి రకం ఉంటుంది కానీ, కాలమ్ మొత్తానికి ఒకే రకం ఉండాలన్న నియమం లేదు. యాక్సెస్‌లో తప్పనిసరి. అందుకని లింకు పెట్టేటప్పుడు మామూలు సెట్టింగుల్లో యాక్సెస్ మొదటి ఎనిమిది వరసలు చూసి కాలమ్ రకాన్ని ఊహిస్తుంది. చలాన్ నంబర్లు మొదటి ఎనిమిదీ ఉత్త అంకెలైతే అది నంబర్ కాలమ్. తొమ్మిదో వరసలో ‘4471/ఎ’ అని ఉంటే అక్కడ నమ్ అనే ఎర్రర్ కనిపిస్తుంది. దిగుమతిలోనూ రకం తప్పుగా కుదిరితే ఆ గడి ఖాళీగా వచ్చి, ఇంపోర్ట్ ఎర్రర్స్ అనే టేబుల్ ఒకటి పక్కన పుడుతుంది. దాన్ని చూడకుండా తుడిచేసే అలవాటు మానుకోండి. ఏ వరసలో ఏ ఫీల్డ్ పోయిందో అందులోనే ఉంటుంది.

రొయ్యల వాళ్లకి ఇంకో బాధ ఉంది. వాటి హెచ్‌ఎస్ కోడ్, అంటే సరుకు రకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబర్, 0306తో మొదలవుతుంది. ఎక్సెల్‌లో మామూలుగా కొడితే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. బ్యాంకు ఖాతా నంబర్లది మరీ ఘోరం. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా ఉంచుకుంటుంది, పదహారో అంకె నుంచి సున్నాలైపోతాయి. పోయిన అంకెలు ఫార్మాట్ మార్చినంత మాత్రాన తిరిగి రావు. కాలమ్‌ను ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టి, ఆ తర్వాతే టైపు చేయాలి. ఫోన్ నంబర్లు అప్పటికే అంకెలుగా కొట్టేసి ఉంటే డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, మూడో మెట్టులో టెక్స్ట్ ఎంచుకుని ఫినిష్ నొక్కండి. లేకపోతే యాక్సెస్‌లో ఆ నంబర్ 9.84తో మొదలై మధ్యలో ‘ఇ’ ఉన్న వింత రూపంలో దిగే ప్రమాదం ఉంది. కూడికలు వేయని నంబరేదైనా టెక్స్టే. ఇందులో బేరం లేదు.

మా సలహా అడిగితే, ముఖ్యమైన డేటాకి ఎక్సెల్ ఫైలు కంటే సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైలు, మేలు. దాన్ని దిగుమతి చేసే విజార్డ్‌లో అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కితే ప్రతి ఫీల్డ్ రకం మీరే చెప్పవచ్చు. తేదీ వరసని రోజు, నెల, సంవత్సరంగా పెట్టుకోవచ్చు. ఆ ఏర్పాటును స్పెసిఫికేషన్‌గా దాచుకుంటే వచ్చే నెల మళ్లీ చేయక్కర్లేదు. పార్టీల పేర్లు తెలుగులో ఉంటే, అక్షరాల ఎన్‌కోడింగ్ ఎంచుకునే కోడ్ పేజీలో యూటీఎఫ్-8 ఎంచుకోండి, అంటే 65001. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు యూనికోడ్ కావు, వాటిని ముందు మార్చుకోవాల్సిందే. ఒకసారి చూద్దామని సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి సేవ్ చేశారా, సున్నాలు మళ్లీ గల్లంతు. చూడాలంటే నోట్‌ప్యాడ్‌లో చూడండి.

తేదీల్లో ఇంకో మెలిక. కోడ్‌లో రాసే ఎస్‌క్యూఎల్‌లో, అంటే డేటాబేస్‌ను అడిగే భాషలో, తేదీకి నెలే ముందు. 03/04/2025 అని రాస్తే మార్చి 4 అవుతుంది. 25/04/2025 రాస్తే, ఇరవై అయిదో నెల లేదు కాబట్టి దాన్ని ఏప్రిల్ 25గానే తీసుకుంటుంది. అందుకే రిపోర్టు ప్రతి నెలా మొదటి పన్నెండు రోజులే తప్పుతుంది, పదమూడో తారీఖు నుంచి తనంతట తనే బాగైనట్టుంటుంది. సంవత్సరం ముందు, తర్వాత నెల, చివర రోజు పెట్టి రాస్తే ఈ గొడవ రాదు.

యాక్సెస్ నుంచి ఎక్సెల్‌కి పంపేటప్పుడు ఫార్మాటింగ్‌తో ఎగుమతి చేయాలా అని అడుగుతుంది. టిక్ పెట్టకపోతే, ఇంకో టేబుల్‌లోంచి పేరు తెచ్చి చూపే లుకప్ ఫీల్డుల్లో పార్టీ పేరు బదులు దాని ఐడీ నంబర్ వెళ్తుంది. టిక్కు మీద ఆధారపడేకంటే పేరు కలిపిన క్వెరీని, అంటే కావలసిన డేటాను టేబుళ్లలోంచి ఏరి ఇచ్చేదాన్ని, పంపడం నయం. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలులో 65,536 వరసలే పడతాయి, కొత్తదానిలో 10,48,576.

వర్డ్‌లో ఒకే ఉత్తరాన్ని వేర్వేరు పేర్లతో వేసేటప్పుడు, అంటే మెయిల్ మెర్జ్‌కి, టేబుల్ కాకుండా క్వెరీ ఇవ్వండి. అయితే నడిచేటప్పుడు విలువ అడిగే పారామీటర్ క్వెరీ వర్డ్ జాబితాలో కనిపించదు. పేరులో కొంత భాగమే ఇచ్చి వెతకడానికి లైక్‌తో స్టార్ గుర్తు (*) వాడిన క్వెరీ కనిపిస్తుంది, కానీ ఒక్క రికార్డూ ఇవ్వదు. వర్డ్ డేటాను అందుకునే దారిలో స్టార్‌కి బదులు శాతం గుర్తు (%) కావాలి. అలైక్ అని రాసి శాతం గుర్తు వాడితే రెండు చోట్లా పనిచేస్తుంది. మీరు మాడ్యూల్‌లో, అంటే యాక్సెస్‌లో కోడ్ రాసే చోట, సొంతంగా రాసుకున్న ఫంక్షన్ క్వెరీలో ఉన్నా వర్డ్‌కి అందదు. ఆ క్వెరీ ఫలితాన్ని ఒక టేబుల్‌లో పోసి ఆ టేబుల్ ఇవ్వడమే దారి.

చివరగా నెట్‌వర్క్ సంగతి. లింకులు మీ సిస్టంలో జెడ్ డ్రైవ్‌గా ఉన్నదాని మీద పెడితే, పక్క సీటులో అది వై డ్రైవ్ అయి ఉండొచ్చు. అందుకే సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి దారి ఇవ్వండి. ఇప్పటికే పెట్టిన లింకులను లింక్డ్ టేబుల్ మేనేజర్‌లో మార్చుకోవచ్చు. ఏదైనా బయటి ప్రోగ్రాం యాక్సెస్ ఫైలు తెరవలేక డ్రైవర్ (ఫైలును చదివించే సాఫ్ట్‌వేర్) లేదంటుంటే, ఆ ప్రోగ్రాం 64 బిట్‌దా, మీ మైక్రోసాఫ్ట్ ఆఫీసు 32 బిట్‌దా అన్నది ముందు చూడండి. ప్రోగ్రాం ఎన్ని బిట్లదో డ్రైవరూ అన్నే బిట్లది ఉండాలి.