మ్యాక్‌లో పుట్టిన పేజ్‌మేకర్ మా బాబాయి కొట్లో ఎందుకుంది

అందరికీ నమస్కారం. మైకు కొంచెం గరగరమంటోంది, వెనక వరుసలకి వినిపించకపోతే చెయ్యెత్తండి.

మీ సార్ నన్ను పిలిచినప్పుడు కంప్యూటర్‌ని నడిపే విండోస్, మ్యాక్, లైనక్స్ అనే సిస్టమ్‌లలో ఏది గొప్పదో పిల్లలకు చెప్పమన్నారు. అది నా వల్ల కాదు. హీరోల అభిమానుల గొడవ లాంటిదది, ఎవరి ఫ్లెక్సీ వాళ్ళు ముందే కట్టేసుకుని ఉంటారు. దాని బదులు మా బాబాయి డీటీపీ సెంటర్ గురించి చెప్తాను.

బస్టాండు పక్కన చిన్న గది. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు. ఆయన కంప్యూటర్లో విండోస్ 10, అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0 అనే ప్రోగ్రాం, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు. ఆ పేజ్‌మేకర్ వచ్చింది 2001లో, అంటే మీరు పుట్టకముందు. అప్పటికి దాని సొంతదారైన అడోబీ కంపెనీ ఆ తర్వాత దానికి పెద్ద వెర్షన్ తీయలేదు, ఇన్‌డిజైన్ అనే తన ఇంకో ప్రోగ్రాం వైపు వెళ్ళిపోయింది. మా బాబాయి మాత్రం రోజూ పొద్దున అగరొత్తి వెలిగించి మరీ దాన్నే తెరుస్తాడు.

తమాషా ఏంటంటే, పేజ్‌మేకర్ పుట్టింది విండోస్‌లో కాదు. 1985లో ఆల్డస్ అనే కంపెనీ దాన్ని యాపిల్ వాళ్ళ మెకింటోష్ కోసం, అంటే మ్యాక్ కోసం చేసింది. మెకింటోష్ అప్పటికి ఏడాది పిల్ల. 1984 జనవరిలో 2,495 డాలర్లకు వచ్చింది, చూడ్డానికి ముద్దుగా ఉంది కానీ దాంతో ఏం పని చేసుకోవాలో చాలామందికి అంతుపట్టలేదు. పేజ్‌మేకరూ, యాపిల్ లేజర్‌రైటర్ ప్రింటరూ జతకట్టాక దానికో పని దొరికింది. మన ఊళ్ళలో బోర్డుల మీద రాసే డీటీపీ, అంటే డెస్క్‌టాప్ పబ్లిషింగ్, అన్న మూడక్షరాలు అక్కణ్ణుంచి వచ్చినవే. 1987లో అది పీసీకి, విండోస్‌కి వచ్చింది. ఇవాళ కొత్త మ్యాక్ కొని దాంట్లో నేరుగా పేజ్‌మేకర్ నడుపుదామంటే నడవదు. పుట్టింట్లో చోటు లేదు, అత్తారింట్లో ఇంకా కాపురం చేస్తోంది.

ఎందుకిలా అయిందో అర్థమైతే మీకు విండోస్ చేసే మైక్రోసాఫ్టూ, మ్యాక్ చేసే యాపిలూ రెండూ అర్థమైనట్టే.

1980కి వెళ్దాం. ఐబీఎం తన కొత్త పీసీకి ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని మైక్రోసాఫ్ట్‌ని అడిగింది. వాళ్ళ దగ్గర లేదు. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీలో టిమ్ పాటర్సన్ రాసినదాన్ని కొనేసి, మెరుగులు దిద్ది ఇచ్చారు. అదే డాస్, విండోస్‌కి ముందుతరం. ఇందులో అసలు తెలివి కొనడంలో లేదు, దాన్ని వేరే తయారీదారులకు కూడా అమ్ముకునే హక్కు తమ దగ్గరే అట్టిపెట్టుకోవడంలో ఉంది. కాంపాక్ లాంటి కంపెనీలు ఐబీఎం పీసీకి నకళ్ళు తయారుచేయడం మొదలెట్టాక, పెట్టె ఎవరిదైనా లోపల సాఫ్ట్‌వేర్ మాత్రం మైక్రోసాఫ్ట్‌దే అయింది.

అంటే వాళ్ళు అమ్మింది పెట్టె కాదు, ఒక నమ్మకం: నువ్వు ఎవరి మెషీన్ కొన్నా నీ పాత ప్రోగ్రాం నడుస్తుంది. ఆ నమ్మకం కోసం ఎంత దూరం వెళ్ళారో చెప్తే నవ్వొస్తుంది. సిమ్‌సిటీ అనే గేమ్‌లో ఒక తప్పుండేది. వాడేసి వదిలేసిన మెమరీని అది మళ్ళీ వెళ్ళి చదివేది, పాత సిస్టమ్‌లో ఎలాగో గట్టెక్కేది, విండోస్ 95లో అయితే పడిపోయేది. తప్పు గేమ్‌ది. అయినా మైక్రోసాఫ్ట్ వాళ్ళు, నడిచేది సిమ్‌సిటీ అని తెలిస్తే మెమరీని వెంటనే తీసేసుకోకుండా ఉండేలా విండోస్‌లోనే ఏర్పాటు చేశారు. పక్కింటి పిల్లాడు తప్పటడుగులు వేస్తున్నాడని మన గడప కోయించుకున్నట్టు.

ఈ మొహమాటానికి ఖరీదు కూడా ఉంది. ఇవాళ రాత్రి ఇంటికెళ్ళి మీ విండోస్‌లో సీ-ఓ-ఎన్ అనే పేరుతో ఒక ఫోల్డర్ చెయ్యండి. చెయ్యనివ్వదు. దయ్యం లేదు, మంత్రం లేదు. డాస్ కాలంలో ఆ పేరు కీబోర్డుకీ తెరకీ పెట్టుకున్నారు, ఎక్కడో ఏదో పాత ప్రోగ్రాం దాని మీద ఆధారపడి ఉంటుందని ఇప్పటికీ వదల్లేదు. విండోస్ మన ఉమ్మడి కుటుంబం ఇల్లులా ఉంటుంది. అటక మీద ఏముందో ఎవరికీ పూర్తిగా తెలియదు, అయినా ఏదీ పారెయ్యరు.

యాపిల్ దగ్గర అటకే లేదు. పెట్టె వాళ్ళదే, లోపలిది వాళ్ళదే, లాభం ప్రధానంగా పెట్టె అమ్మితే వస్తుంది. అందుకే 2013లో మ్యాక్ సిస్టమ్‌ని ఉచితంగా ఇచ్చేయగలిగారు. అదే ధైర్యంతో ప్రాసెసర్‌నే మూడుసార్లు మార్చేశారు. 1994లో పవర్‌పీసీకి, 2006లో ఇంటెల్‌కి, 2020లో సొంత ఎమ్1 చిప్‌కి. ఇంటి పునాది మార్చడమంటే మాటలు కాదండీ, అదీ మనుషులు లోపల కాపురం ఉండగానే. ప్రతిసారీ పాత ప్రోగ్రాములు నడవడానికి ఒక వంతెన వేస్తారు, కొన్నేళ్ళయ్యాక దాన్ని తీసేస్తారు. 2006లో వేసిన రోజెటా అనే వంతెనని 2011లో తీసేశారు. 2019లో ఒకే అప్‌డేట్‌తో 32 బిట్ అనే పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాములన్నీ ఆగిపోయాయి. పేజ్‌మేకర్ అయితే అంతకు ముందే పోయింది. అది పాత మ్యాక్ సిస్టమ్ కోసం రాసింది, 2001లో వచ్చిన ఓఎస్ టెన్ అనే కొత్త మ్యాక్ సిస్టమ్‌లో క్లాసిక్ అనే వంతెన మీదే నడిచేది, ఇంటెల్ మ్యాక్‌లలో ఆ వంతెన లేదు.

నాకు యాపిల్ మీద కోపం లేదు. పారేయడం తెలిసినవాళ్ళు కాబట్టే ఎమ్1 లాంటి చల్లటి, రోజంతా చార్జింగ్ ఉండే ల్యాప్‌టాప్ చేయగలిగారు. కానీ పదేళ్ళ నాటి ఫైలుతో బతుకు వెళ్ళదీసుకునేవాడికి అది ఇల్లు కాదు, హోటల్ గది.

తెలుగువాళ్ళం కాబట్టి ఒక్కటి చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో, మ్యాక్‌లలో ఒక తెలుగు అక్షరం తెర మీదకి రాగానే యాప్‌లు కూలిపోయాయి. మన ‘జ్ఞా’, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో. కొద్ది రోజుల్లో సరిచేశారనుకోండి. ప్రపంచమంతా జ్ఞానం భరించలేక కుప్పకూలింది అని మా ఆఫీసులో వారం రోజులు నవ్వుకున్నాం.

సరే, మైక్రోసాఫ్ట్ మంచిది అని రాసుకునేరు, ఆగండి. పాత ప్రోగ్రాముల్ని అంత ప్రేమగా చూసేవాళ్ళు పాత మెషీన్ల దగ్గరికొచ్చేసరికి మొహం తిప్పేసుకున్నారు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే విడిగా నమోదు చేసుకుని ఇంకొంత కాలం నెట్టుకురావచ్చు, అంతే. మా బాబాయిది ఆరో తరం మెషీన్. పేజ్‌మేకర్‌కి అదే ఎక్కువ. “బండి బాగానే ఉంది కదరా, రోడ్డు నాకు మూసేశారేంట్రా” అంటాడు. నా దగ్గర జవాబు లేదు.

అక్కడికే లైనక్స్ వస్తుంది. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ సరదాకి మొదలెట్టాడు. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ దాన్ని క్యాన్సర్‌తో పోల్చాడు. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ళ 2014లో ఆ కుర్చీలోకి వచ్చాక, 2016లో విండోస్ లోపలే లైనక్స్ నడిచే ఏర్పాటు చేశారు. మనసు మారిందని కాదు, లెక్క మారింది, క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ వెనక పనిచేసే పెద్ద కంప్యూటర్లలో, ఎక్కువగా లైనక్సే.

లైనక్స్ గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నల్ అంటారు, దానికి ఒక కఠినమైన నియమం ఉంది: పైన నడిచే ప్రోగ్రాములు చెడిపోయే మార్పు చెయ్యకూడదు. ఎవరైనా చేస్తే టోర్వాల్డ్స్ తిట్లు ఊరంతా వినిపించేవి. కానీ కెర్నల్ పైన మన కంటికి కనబడే డెస్క్‌టాప్‌కి అలాంటి పెద్దమనిషి లేడు. 2011లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ చేసేవాళ్ళు మొత్తం రూపం మార్చేస్తే, నచ్చనివాళ్ళు ‘మాటే’ అని, ‘సినమన్’ అని వేరుకుంపట్లు పెట్టుకున్నారు. ఉబుంటు అనే లైనక్స్ రకాన్ని చేసే కెనానికల్ కంపెనీ ‘యూనిటీ’ అని సొంతది తెచ్చి, 2017లో అదీ వదిలేసి మళ్ళీ గ్నోమ్ దగ్గరికే వచ్చింది. డెస్క్‌టాప్ మీద వీళ్ళెవరికీ పెద్దగా డబ్బు రాదు, అదీ అసలు సంగతి. మన దగ్గర స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు తెలుగులో లైనక్స్ తేవడానికి ఏళ్ళ తరబడి పనిచేశారు, జీతం కోసం కాదు.

బాబాయి రెండో కంప్యూటర్లో మింట్ అనే లైనక్స్ రకం వేశాను. చకచకా లేచింది. ప్రింటర్ మాత్రం రెండు ఆదివారాలు మింగింది, దాని కంపెనీ లైనక్స్‌కి డ్రైవర్, అంటే ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ఇవ్వలేదు. తర్వాత ఒక పాత శుభలేఖ ఫైలు తీసుకొచ్చి లిబ్రె ఆఫీస్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిచాను. పేజ్‌మేకర్ ఫైళ్ళు చదివే సదుపాయం 2015లో దానికి చేర్చారు. యాపిల్‌లో పుట్టి, విండోస్‌లో పెరిగిన ఫైలు, ఆ రెండు కంపెనీలతోనూ సంబంధం లేనివాళ్ళు రాసిన ప్రోగ్రాంలో తెరుచుకుంది. అంచుగీతలు, పెట్టెలు అన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి.

పెళ్ళికొడుకు పేరు మాత్రం లేదు. ఆ ఫాంట్లు ఏ కంప్యూటర్‌కైనా అర్థమయ్యే యూనికోడ్ పద్ధతివి కాదుగా, అక్షరాల చోట డాలర్లు, కొక్కేలు, చుక్కలు. బాబాయి కళ్ళజోడు సర్దుకుని తెరకేసి కాసేపు చూశాడు. “ఇది సుబ్బారావు గారి రెండో అబ్బాయి పెళ్ళి, 2006,” అన్నాడు. ఎలా తెలిసిందంటే, అంచుకి వేసిన నెమలిని చూపించాడు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర ఎర్ర చొక్కా బాబూ, ముందు నువ్వు.