రెండో ప్రశ్న

మిత్రులారా, రేపు మీలో కొందరు టీవీ బిజినెస్ చానళ్లలో కూర్చుంటారు. మీతో ఒక్క ప్రశ్న గురించే మాట్లాడాలని వచ్చాను. సీఈఓ జవాబు చెప్పాక అడగాల్సిన రెండో ప్రశ్న అది.

2008 సెప్టెంబర్ 15. అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసిన రోజు. ఆ సాయంత్రం అక్కడి బిజినెస్ చానల్ సీఎన్‌బీసీలో యాంకర్ జిమ్ క్రామర్ కార్యక్రమానికి వాకోవియా బ్యాంకు సీఈఓ రాబర్ట్ స్టీల్ వచ్చి, సొంతంగా నిలబడ్డా తమ బ్యాంకుకు మంచి భవిష్యత్తు ఉందన్నారు. సరిగ్గా రెండు వారాలకు, 29న, ఆ బ్యాంకు వ్యాపారాన్ని సిటీగ్రూప్ కొంటున్నట్టు ప్రకటన వచ్చింది. చివరికది మరో బ్యాంకు వెల్స్ ఫార్గో చేతికి వెళ్లింది.

స్టీల్ మాటకు గట్టి రెండో ప్రశ్న ఎదురుకాలేదు. అడగడానికి ఏమీ లేకనా? ఆ ఏడాది రెండో త్రైమాసికంలోనే బ్యాంకుకు దాదాపు 900 కోట్ల డాలర్ల నష్టం. 2006లో ఇంటి రుణాల సంస్థ గోల్డెన్ వెస్ట్‌ను కొన్నప్పుడు వచ్చిపడిన ఇంటి రుణాలు మెడకు చుట్టుకున్నాయి. వాటిలో నెల వడ్డీకన్నా తక్కువ కట్టే వెసులుబాటు ఉండేది. కట్టని వడ్డీ అసలులో కలిసేది. నెలనెలా కడుతున్నా అప్పు పెరుగుతుందన్నమాట. ‘అలా కనీస మొత్తమే కడుతున్నవాళ్లు ఎందరు? వాళ్ల ఇల్లు అమ్మితే ఇవాళ మీ అప్పు తీరుతుందా?’ ఈ ప్రశ్నకు రహస్య పత్రాలేవీ అక్కర్లేదు. స్టీల్ మాట నమ్మి బ్యాంకు షేరు అట్టిపెట్టుకున్నవాళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

యాంకర్లు అమ్ముడుపోయారని నేననను. సీఈఓ అలిగితే మళ్లీ రారు, పోటీ చానల్‌కు వెళతారు. ఆ భయం ఎవరూ నోటితో చెప్పనక్కర్లేకుండానే పనిచేస్తుంది. దానికి తోడు డబ్బున్నవాళ్లంటే ఒక మైమరపు. ఫైనాన్స్ వ్యాపారి అలెన్ స్టాన్‌ఫర్డ్‌ను 2008లో అదే చానల్‌లో, బిలియనీర్‌గా ఉండటం సరదాగా ఉందా అని అడిగారు. 2012లో ఆయనకు మోసం కేసులో 110 ఏళ్ల జైలుశిక్ష పడింది. మంత్రి ఎదురుగా ఉంటే మాట మధ్యలో అడ్డుపడే మనం, కంపెనీ అధిపతి ముందు ఎందుకింత మెత్తబడతాం?

2001లో ఫార్చ్యూన్ పత్రికకు రాసే బెథనీ మెక్‌లీన్ అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్‌ను అడిగిన ప్రశ్న చాలా మామూలుది: మీకు డబ్బు ఎలా వస్తోంది? సీఈఓ జెఫ్రీ స్కిల్లింగ్ కోపంతో ఫోన్ పెట్టేశారు. ఆ డిసెంబర్‌లోనే ఎన్‌రాన్ దివాలా తీసింది. ఆమె దగ్గర కెమెరా లేదు. మీ దగ్గర ఉంటుంది. సీఈఓ తడబాటును చూసేవాళ్లంతా కళ్లారా చూస్తారు.

కాబట్టి స్టూడియోలోకి వెళ్లేముందు కంపెనీ లాభం పక్కన, వ్యాపారం నుంచి వచ్చిన నగదు అంకె రాసుకోండి. లాభం పెరిగి నగదు తగ్గితే ఎందుకని అడగండి. ‘మా పునాదులు గట్టివి’ అంటే, ఏ అంకె చూసి అంటున్నారని అడగండి. జవాబు తప్పించుకుంటే, గొంతు పెంచకుండా, అదే ప్రశ్న అవే మాటల్లో మళ్లీ అడగండి.